ఏ పనికి ఏ హార్డ్ డిస్క్?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు ఫోన్ చేసి మాట్లాడమన్నప్పుడు పిల్లల చదువు గురించేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను కాబట్టి అది నాకు అలవాటైన పనే. ఆయన మాత్రం "ఆపా, హార్డ్ డిస్కుల గురించి చెప్పండి" అన్నారు. ఈ ఏడాది ముగ్గురు దాతలు మన సొసైటీకి హార్డ్ డిస్కులు కొనిస్తామని ముందుకొచ్చారట. అందులో ఒకరు "మార్కెట్లో ఎంత పెద్దది దొరికితే అంత పెద్దది పంపిస్తాను, అన్నీ అందులోనే వేసుకోండి" అన్నారట. మంచి మనసుతో అన్న మాట. కానీ నాకు గుండె ఝల్లుమంది. ఎందుకో ముందు అదే చెప్తాను, తర్వాత డిస్కుల సంగతికి వస్తాను.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, మన ఆఫీసు వెనక గదిలో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కట్టలు నేల నుంచి కిటికీ దాకా ఉండేవి. వాటికి చెదలు పట్టింది. రెండు వేసవి సెలవులు మా పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుని, పదకొండేళ్ళ దరఖాస్తులన్నీ స్కాన్ చేయించాను. పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఆదాయ పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, అన్నీ. ఒక దాత ఇచ్చిన 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెట్టాం. డిస్కులో పదో వంతు కూడా నిండలేదు. ఆ సంతోషంలో కాయితాల కట్టలన్నీ పాత పేపర్ల అబ్బాయికి తూకానికి వేయించాను. వేయించింది నేనే. కమిటీ ఒకసారి ఆలోచించమంది కూడా.

2022లో ఒక రోజు కాపీ జరుగుతూ ఉండగా, ఎవరో పిల్లవాడు టేబుల్ పక్కనుంచి పోతూ వైరు తగిలించుకున్నాడు. డిస్క్ కింద పడింది. మూరెడు ఎత్తు బల్ల అంతే. మళ్ళీ పెడితే టిక్, టిక్, టిక్ అని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. హైదరాబాద్ పంపించాం. డేటా రికవరీ చేసేవాళ్ళు విప్పి చూసి, లోపల పళ్ళేలు గీసుకుపోయాయి, ఏమీ రాదు అన్నారు.

రెండేళ్ళ పాటు ఆ నష్టం ఎంతో నాకు సరిగా తెలియలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా. ఆ నెల చివర్లో ఒకమ్మాయి మన ఆఫీసుకు వచ్చింది. ఒకప్పుడు మన స్కాలర్‌షిప్‌తో ఇంటర్ చదివిన పిల్ల. ఇంట్లో నీళ్ళు వచ్చి సర్టిఫికెట్లన్నీ ముద్దయిపోయాయి. "మీ దగ్గర నా పదో తరగతి మెమో కాపీ ఉంటుంది కదా టీచర్. మీరే స్కాన్ చేస్తున్నామని చెప్పారు. కనీసం హాల్ టికెట్ నంబరు దొరికినా డూప్లికేట్‌కి పెట్టుకుంటాను" అంది. లేదు అని చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి చదివిన బడిలో పాత రిజిస్టరు, చేత్తో రాసిన పుస్తకం, అందులో వెతికితే చివరికి ఆ నంబరు దొరికింది. చెదలకు భయపడి నేను అమ్మేసిన కాయితం లాంటి కాయితమే ఆ పిల్లను కాపాడింది.

అందుకే ఎంత పెద్ద డిస్క్ అన్న ప్రశ్న కంటే ముందు, ఏ పనికి అన్న ప్రశ్న అడగమంటున్నాను.

అసలు ఆ పెట్టెలో ఏముంటుందో ఒక్క నిమిషం చూద్దాం. మనం హార్డ్ డిస్క్ అని పిలిచేదాంట్లో గాజువో, అల్యూమినియంవో గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. అద్దంలా మెరుస్తాయి. నిమిషానికి 5,400 సార్లు గానీ 7,200 సార్లు గానీ తిరుగుతాయి. వాటి పైన ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతూ రాస్తుంది, చదువుతుంది. గ్రామఫోన్ చూసినవాళ్ళు అలాగే అనుకోండి, కానీ గ్రామఫోన్ ముల్లు రికార్డును తాకుతుంది, ఇది తాకదు. మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే తక్కువ ఎత్తున గాలి మీద తేలుతుంది. తిరుగుతున్నప్పుడు కింద పడితే అది పళ్ళేన్ని గీస్తుంది. మా డిస్కుకు జరిగింది అదే. 1956లో ఐబీఎం కంపెనీ చేసిన మొట్టమొదటి డిస్క్ డ్రైవులో రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవి, దాదాపు టన్ను బరువు, పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు మీ ఫోనులో ఒక్క ఫొటోకు అంత చోటు కావాలి. దాన్ని ఎవరూ టేబుల్ మీద నుంచి పడేసే అవకాశం లేదు, అదొక్కటే దాని సుఖం.

రెండో రకం ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. చిప్పుల్లో విద్యుదావేశం రూపంలో సమాచారం ఉంటుంది. పడినా అంత సులువుగా పోదు, చప్పుడు లేదు, వేగం ఎక్కువ. ఈ మాట వినగానే "అయితే అన్నింటికీ అదే కొంటే పోలా?" అంటారు. అదే కుదరదు, ఎందుకో వస్తున్నాను.

ముందు మన దగ్గర దాచాల్సినవి ఏమేం ఉన్నాయో లెక్క వేశాను. లెక్కల టీచర్ పక్క గదిలోనే ఉంటాడు గానీ ఇది నేనే వేశాను. స్కాలర్‌షిప్ పిల్లలు ఏడాదికి 420 మంది అనుకుందాం. ఒక్కొక్కరికి ఎనిమిది కాయితాలు, కాయితానికి స్కాన్ అర ఎంబీ. మొత్తం 1,680 ఎంబీ, అంటే 1.7 జీబీ లోపు. ఇరవై ఏళ్ళవి కలిపినా 34 జీబీ. మీ జేబులో ఉన్న ఫోనులో సగం కూడా నిండదు.

ఇప్పుడు హాస్టల్ సీసీ కెమెరాలు చూడండి. ఎనిమిది ఉన్నాయి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపుతుందనుకుంటే రోజుకు 21.6 జీబీ. ఎనిమిదీ కలిపి రోజుకు 173 జీబీ దగ్గర. నెల రోజులు నిలవాలంటే 5 టీబీ పైన కావాలి. ఇరవై ఏళ్ళ పిల్లల జీవితాలు 34 జీబీ, ఖాళీ వరండా బొమ్మ ఒక్కరోజుకు 173 జీబీ! పోతే మళ్ళీ దొరకనివి మూలన చిన్న చోటులో పడి ఉంటాయి. పెద్ద డిస్క్ కావలసింది ఎవరూ చూడని వరండాకు. కాయితాలకు కావలసింది ఎక్కువ చోటు కాదు, ఎక్కువ కాపీలు.

టీబీ అనగానే మా అమ్మ భయపడేది, ఆ రోజుల్లో టీబీ అంటే క్షయ. ఇక్కడ టీబీ అంటే వెయ్యి జీబీ. అయితే 1 టీబీ డిస్క్ కొని కంప్యూటర్‌కు పెడితే 931 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని ఒక పెద్దాయన దాన్ని వెనక్కి పట్టుకెళ్ళారు కూడా. మోసం కాదండీ. కంపెనీ వెయ్యి చొప్పున గుణిస్తుంది, విండోస్ 1,024 చొప్పున భాగిస్తుంది. బియ్యం అవే, కుంచాలు వేరు. ఆ లెక్కన 4 టీబీది 3.63గా కనిపిస్తుంది.

కెమెరాల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే మన హాస్టల్‌లో జరిగిన పొరపాటు అక్కడే ఉంది. డీవీఆర్ పెట్టెలో మామూలు కంప్యూటర్ డిస్క్ వేశారు, 2 టీబీది, ఎవరి దగ్గరో మిగిలిపోయింది ఇచ్చారు. 2 టీబీలో ఎనిమిది కెమెరాలకు పదకొండు రోజులే నిలుస్తుంది, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. పిల్లవాడి సైకిల్ పోయిందని పదిహేను రోజుల తర్వాత చెప్తే చూపించడానికి ఏమీ ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఇంట్లో కంప్యూటర్ కోసం చేసిన కొన్ని డిస్కుల వివరాల్లో ఏడాదికి 2,400 గంటలు నడుస్తుందన్న లెక్క రాసి ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు. కెమెరా డిస్కుకు సెలవు లేదు, శుక్రవారం లేదు, పండగ లేదు. ఏడాదికి 8,760 గంటలూ రాస్తూనే ఉండాలి. అందుకే నిఘా కెమెరాల కోసం ప్రత్యేకంగా డిస్కులు చేస్తారు. వెస్టర్న్ డిజిటల్ వాళ్ళది పర్పుల్, సీగేట్ వాళ్ళది స్కైహాక్, తోషిబాలోనూ ఉంది. ఆగకుండా రాయడానికి తగ్గట్టు వాటిని తయారు చేస్తారు. ఎక్కడైనా ఒక బిందువు సరిగా పడకపోతే మామూలు డిస్క్ అక్కడే ఆగి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, కాయితాల విషయంలో అది మంచి గుణమే. కెమెరా డిస్క్ అయితే ఒక చుక్క పోయినా ఫరవాలేదని ముందుకు పోతుంది, వీడియో ఆగదు. కాబట్టి ఎవరైనా కెమెరాలకు ఇవ్వదలిస్తే 6 టీబీ నిఘా డిస్క్ ఒకటి ఇవ్వండి. ముందు మన డీవీఆర్ ఎన్ని టీబీల దాకా తీసుకుంటుందో చూసి కొనాలి, కొన్ని పాత పెట్టెలు 6 టీబీని ఒప్పుకోవు. దీనికి రెండో కాపీ అక్కర్లేదు. గొడవ జరిగిన రోజు ముక్క ఒక్కటి విడిగా తీసి పెట్టుకుంటే చాలు. ఇదే డిస్కును తెచ్చి ఆఫీసు కాయితాలకు మాత్రం వాడకండి. ఒక చుక్క పోయినా ఫరవాలేదనే గుణం అక్కడ మనకు పనికిరాదు.

ఇక ఆఫీసు కంప్యూటర్. మన రశీదులు కొట్టే అబ్బాయి ఉదయం స్విచ్ వేసి, కిందికి దిగి టీ తాగి వస్తాడు, అప్పటికి తెర వెలుగుతుంది. కంప్యూటర్ మార్చాలని కమిటీలో తీర్మానం కూడా పెట్టారు. వద్దు. పాత హార్డ్ డిస్క్ తీసి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే కంప్యూటర్ ఇంకో నాలుగేళ్ళు పని చేస్తుంది. హార్డ్ డిస్కులో ఆ చెయ్యి చోటు వెతుక్కోవడానికే సెకనులో నూరో వంతు పడుతుంది. మనకు అది చిన్నదే, కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్ళు అడుగుతుంది. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ అటెండరు లేచి వెళ్ళి రావడం లాంటిది. ఎస్‌ఎస్‌డీలో పుస్తకాలన్నీ బల్ల మీద తెరిచే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీల్లో కూడా సాటా అని, ఎన్‌వీఎంఈ అని రకాలు ఉన్నాయి, రెండోది ఎన్నో రెట్లు వేగం. మన రశీదుల పనికి ఆ తేడా కంటికి కనపడదు. మన పాత కంప్యూటర్‌లో దాన్ని పెట్టే చోటే ఉండకపోవచ్చు. వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్ళకు వదిలేద్దాం.

మరి పిల్లల కాయితాలు కూడా ఎస్‌ఎస్‌డీలోనే పెట్టి బీరువాలో తాళం వేస్తే? ఇందాక అడ్డు చెప్పింది ఇక్కడికే. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుందన్నాను కదా, కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే త్వరగా కారుతుంది. మెమరీ చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ అనే సంస్థ ఉంది. ఇళ్ళలో వాడే ఎస్‌ఎస్‌డీ తన రాత ఆయుష్షంతా వాడేశాక కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది నిలుపుకోవాలని వాళ్ళ లెక్క. కొత్తదైతే అంతకంటే చాలాకాలం నిలుస్తుంది, బెంబేలు పడక్కర్లేదు. కానీ మే నెలలో విజయవాడలో తలుపులు మూసిన గదిలో ఇనప బీరువా ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పాలా? రోజూ వాడే కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ హాయిగా ఉంటుంది. ఏళ్ళ తరబడి మూసి పెట్టేదానికి నేనైతే తిరిగే హార్డ్ డిస్కునే నమ్ముతాను. అది కూడా ఆరు నెలలకోసారి బయటికి తీసి, ఒక గంట తిప్పి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకోవాలి. మాగాయ జాడీ మూత తీసి చూసినట్టే.

పెన్ డ్రైవులు, మెమరీ కార్డులు ఆ లెక్కలోకే రావు. అవి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్ళే సంచులు, దాచుకునే పెట్టెలు కావు. ఆన్‌లైన్‌లో ఐదు వందలకే 2 టీబీ పెన్ డ్రైవ్ అని కనిపిస్తుంది. మా స్టాఫ్ రూమ్‌లో ఒకరు కొన్నారు. కంప్యూటర్‌కు పెడితే 2 టీబీ అనే చూపించింది. కాపీ కూడా అయింది, పేర్లన్నీ కనిపిస్తున్నాయి. తెరిస్తే మొదటి కొన్ని తప్ప ఏదీ తెరుచుకోదు. లోపల చిప్పు చిన్నది, పెద్దదని అబద్ధం చెప్పేలా మార్చి అమ్ముతారు. నిండాక వచ్చినదల్లా గాల్లో కలిపేస్తుంది. ఏ డిస్క్ కొన్నా, ఏ దాత ఇచ్చినా, మొదటి రోజే నిండుగా రాసి, చివర రాసినవి తెరిచి చూసిన తర్వాతే దాన్ని నమ్మాలి.

ఇప్పుడు అసలు విషయం, పిల్లల కాయితాలు. నన్ను అడిగితే పెద్ద డిస్క్ ఒకటి ఇచ్చే డబ్బుతో 1 టీబీవి గానీ 2 టీబీవి గానీ రెండు ఇవ్వండి. ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కాకుండా వేరు వేరు కంపెనీలవి అయితే ఇంకా మంచిది. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. పీటర్ క్రోగ్ అని ఒక అమెరికా ఫొటోగ్రాఫర్ తన ఫొటోలు కాపాడుకోవడానికి చెప్పిన లెక్క ఒకటి ప్రపంచమంతా వాడుతుంది. కాపీలు మూడు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట. మనకు సరిగ్గా అతికే లెక్క అది. ఒక కాపీ ఆఫీసు కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ మీద. రెండోది ఆఫీసు బీరువాలో హార్డ్ డిస్క్ మీద. మూడోది వేరే ఊళ్ళో.

వేరే ఊళ్ళో అనడం కావాలనే అంటున్నాను. సెక్రటరీ గారి ఇల్లు ఆఫీసు వెనక వీధే. బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు రెండు వీధులకు తేడా చూపించలేదు. గుంటూరులో మా అక్క ఉంది, వాళ్ళది రెండో అంతస్తు. మీలో ఎవరికైనా అంతకంటే ఎత్తైన, పొడిగా ఉండే ఇల్లు ఉంటే చెప్పండి, మా అక్కేమీ పట్టుబట్టదు.

దుకాణానికి వెళ్ళినప్పుడు ఇంకో మాట అడగాలి, సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. మా పాత విద్యార్థి ఒకడు కంప్యూటర్ షాపు పెట్టాడు. నేను అడిగితే "ఇది మీకెట్లా తెలుసు టీచర్?" అన్నాడు. పాఠం చెప్పినదాన్ని నేనే కదరా అన్నాను. పెంకుటిల్లు చూడండి, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు కప్పి ఉంటుంది. ఎస్‌ఎంఆర్ డిస్కులో రాత వరుసలు అలా ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. తక్కువ చోట్లో ఎక్కువ పడతాయి కాబట్టి చౌక. కానీ మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే పైవాటిని లేపి మళ్ళీ పరచాలి. ఒకసారి రాసి దాచి పెట్టుకునేదానికి ఎస్‌ఎంఆర్ అయినా ఇబ్బంది లేదు, మన బీరువా డిస్కుకు చాలు. రోజంతా రాసి చెరిపే పనికి, రెండు మూడు డిస్కులు జత కలిపి వాడే నాస్ పెట్టెలకు పనికిరాదు, ప్రాణం విసిగిస్తుంది. 2020లో నాస్ కోసం అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఈ రకమేనని బయటపడి పెద్ద గొడవ జరిగింది, అప్పటి నుంచి కంపెనీలు జాబితాలు ప్రకటిస్తున్నాయి.

నాస్ అన్నాను కాబట్టి, ఒక దాత నాస్ పెట్టె ఇస్తానన్నారు. రెండు డిస్కులు ఉంటాయి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది. ఒకటి చెడిపోయినా పని ఆగదు, నిజమే. అయితే పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండింటిలోనూ చెరుగుతుంది. వైరస్ వచ్చి తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా ఆసుపత్రుల కంప్యూటర్లకు సైతం తాళాలు వేసి డబ్బు అడిగింది, గుర్తుండే ఉంటుంది. వైరు తీసేసి బీరువాలో పడుకున్న డిస్కుకు ఏ వైరస్సూ అంటదు. హాస్టల్‌లో కంప్యూటర్ గది పెరిగి, పది మంది ఒకేసారి ఫైళ్ళు వాడే రోజు వస్తే నాస్ తీసుకుందాం. ఈ ఏడాదికి వద్దని నా మనవి. ఆ దాత ఇక్కడే ఉన్నారు, నొచ్చుకోరని నమ్ముతున్నాను.

"ఫోనులో గూగుల్ ఉంది కదా, అక్కడ పెడితే సరిపోదా?" అని కుర్రాళ్ళు అడుగుతారు. ఉచితంగా 15 జీబీ ఇస్తారు, అదనంగా ఒక కాపీ పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఖాతా ఎవరి పేరు మీద? మన పాత కోశాధికారి తన సొంత ఫోను నంబరుతో తెరిచారు. ఆయన తర్వాత ఎవరూ అందులోకి వెళ్ళలేదు. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లోనే ప్రకటించింది. పెట్టేదైతే సొసైటీ పేరు మీద, ఇద్దరి నంబర్లతో పెట్టాలి.

మన కార్యక్రమాల వీడియోలకు మాత్రం పెద్ద డిస్క్ కావాలి. మూడు గంటల సభ ఫోనులో మామూలు నాణ్యతతో తీసినా దాదాపు 20 జీబీ అవుతుంది, 4కేలో తీస్తే దానికి ఎన్నో రెట్లు. వీటికి 4 టీబీ ఎక్స్‌టర్నల్ ఒకటి చాలు. నిజం చెప్పాలంటే గంటన్నర సన్మానాలు తీసేస్తే అందులో సగం చాలు. (సభలో నవ్వులు.)

పాత డిస్కులు ఇచ్చే దాతలకు ఒక మాట. వద్దనను. కానీ క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది ఆ డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో చూపిస్తుంది. ముప్పై వేల గంటలు తిరిగినదాన్ని కాయితాలకు పెట్టను, వీడియోలకు పెడతాను. ఆ ప్రోగ్రామ్ "బాగుంది" అన్నంత మాత్రాన ధీమా వద్దు. గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, ఏ హెచ్చరికా చూపకుండానే చెడిపోయినవి చాలా ఉన్నాయని తేలింది. ఇక వారంటీ గురించి. నా 4 టీబీ డిస్కుకు అప్పటికి వారంటీ ఉన్నా ఏం ఒరిగేది? వారంటీ డబ్బాకే గానీ అందులో ఉన్న మెమోలకు కాదు కదా.

ఒక్క విషయం మిగిలింది, ఇది డిస్క్ రకానికి సంబంధించింది కాదు గానీ దాతలు తెలుసుకోవాలి. ఆ స్కాన్లలో ఆధార్ నంబర్లు ఉన్నాయి, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి, ఏ ఇంటికి ఎంత ఆదాయమో ఉంది, ఎవరికి మనం ఎంత ఇచ్చామో ఉంది. సాయం తీసుకున్నవాళ్ళ పేర్లు సభల్లో చదవకూడదని మనం నియమం పెట్టుకున్నాం. మరి అదే జాబితా ఉన్న డిస్కును సంచిలో వేసుకుని బస్సులో గుంటూరు వెళ్తే, అది ఎక్కడైనా జారిపడితే? ఆ కాయితాలు మన దగ్గర పెట్టిన అమానత్. కాబట్టి బయటికి వెళ్ళే డిస్కుకు పాస్‌వర్డ్ తాళం వేసే తీరాలి. విండోస్ ప్రో ఉన్న కంప్యూటర్‌లో బిట్‌లాకర్ ఉంటుంది, అదనపు ఖర్చు లేదు. ఆ తాళపు అంకెలు కాయితం మీద రాసి రెండు కవర్లలో పెట్టి, ఒకటి అధ్యక్షుల వారి దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర ఉంచుదాం. నా దగ్గర వద్దు. నేను కాయితాలు అమ్మేసిన మనిషిని.

కమిటీకి నేను ఇచ్చిన చీటీ ఇదీ. ఆఫీసు కంప్యూటర్‌కు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి. హాస్టల్ కెమెరాలకు 6 టీబీ నిఘా డిస్క్ ఒకటి. పిల్లల కాయితాలకు వేరు వేరు కంపెనీల పోర్టబుల్ హార్డ్ డిస్కులు 2 టీబీవి రెండు. వీడియోలకు 4 టీబీది ఒకటి. ధరలు ఈ మధ్య వారానికో తీరుగా ఉన్నాయి కాబట్టి నేను రాయలేదు, కొనే రోజున అడుగుదాం. ప్రతి డిస్క్ మీద కాయితం అంటించి కొన్న తేదీ, అందులో ఏముంది, చివరిసారి ఎప్పుడు తెరిచి చూశాం అన్నది పెన్నుతో రాస్తాం. రంజాన్ ముందు ఒకసారి, మళ్ళీ ఆరు నెలలకు ఒకసారి తెరిచి చూస్తాం. చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. స్కాన్ అయిన కాయితాలను మాత్రం ఈసారి అమ్మడం లేదు, చెదల మందు కొట్టించి పైగదిలో అటక మీద పెట్టాం.

వచ్చే ఆదివారం ఉదయం పదింటికి ఆఫీసులో ఉంటాను. మీ ఇళ్ళలో పెళ్ళి ఫొటోలతో, పిల్లల వీడియోలతో సొరుగుల్లో పడి ఉన్న డిస్కులు ఉంటే పట్టుకురండి, ఎన్ని గంటలు తిరిగాయో చూసి చెప్తాను. వాటి కేబుల్ కూడా తెండి. అందరూ డిస్క్ తెచ్చి కేబుల్ ఇంట్లో మరిచిపోతారు.